తుపానుకు ముందు ఎక్కాల్సిన గడపలు

1977 నవంబరు 19 రాత్రి మా అత్తయ్య రెండేళ్ల కొడుకుని చీరతో నడుముకి కట్టేసుకుని, తుమ్మచెట్టుని కరుచుకుని తెల్లార్లూ నీళ్లలో ఉంది. ఆ కొడుకే మా ఆయన. ముళ్లు దిగిన మచ్చలు ఆవిడ మోచేతుల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఉప్పెనలో దివిసీమలో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. అత్తయ్య ఆ సంగతి చెప్పేటప్పుడు గాలి గురించి గానీ నీళ్ల గురించి గానీ ఎక్కువ మాట్లాడదు. "రేడియోలో చెప్పారంటమ్మా. మా గడపెక్కి లేవండర్రా అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు" అంటుంది. అంతే.

నేను బట్టలు కుడతాను. కృష్ణా జిల్లా దివిసీమలో, నాగాయలంక మండలంలోని ఈ ఊరికి కోడలిగా వచ్చేదాకా సముద్రం ఎలా ఉంటుందో కూడా చూడలేదు. ఇప్పుడు మా ఊళ్లో పద్నాలుగు మందిమి ఒక జట్టుగా ఉన్నాం. జీతం లేదు, యూనిఫాం లేదు. తుపాను కబురు వస్తే ఎవరి పని వాళ్లకు పంచుకుని తిరుగుతాం. మీ ఊళ్లోనూ అలాంటి జట్టు పెట్టుకోవాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలో, మేం ఎక్కడ తప్పు చేశామో రాస్తున్నాను.

మొదట కొనాల్సింది నోటుబుక్కు

కుర్రాళ్లని పోగేసి "తుపాను జట్టు పెడదాం" అనగానే అందరూ తాళ్లు, లైఫ్ జాకెట్లు, పడవ అంటారు. మా వాళ్లూ అలాగే అన్నారు. మేం మొదట కొన్నది రెండొందల పేజీల నోటుబుక్కు. ఇంటికో పేజీ.

ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది గ్రామ సచివాలయంలో దొరుకుతుంది. మనకు కావాల్సింది అది కాదు. మంచం పట్టినవాళ్లు ఎవరు, వాళ్లని కుర్చీలో మోయొచ్చా, మంచంతోనే మోయాలా? ఎవరికి నెలలు నిండాయి? ఇన్సులిన్ ఎవరు వేసుకుంటారు, డయాలసిస్‌కి వారానికి ఎన్నిసార్లు వెళ్తారు, ఏయే రోజుల్లో? చెవులు వినపడనివాళ్లు ఎవరు? మైకులో ఎంత అరిచినా వాళ్లకి చేరదు కదా. కొడుకు హైదరాబాదులో ఉండి ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ ఎవరు, ఆ కొడుకు ఫోన్ నంబరు ఏంటి? ఇల్లు తాటాకుదా, పెంకుటిల్లా, రేకులదా, శ్లాబా? బర్రెలెన్ని? ఆఖరి గడిలో ఇంకొకటి రాస్తాం: "ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?" ఇది రాసుకోవడం మొదలుపెట్టాకే మా పని సగమైంది. కొన్ని ఇళ్లలో మగాడి మాట చెల్లదు, ఆయన తల్లి ఊ అనాలి. కొన్నిచోట్ల ఎనిమిదో తరగతి చదివే కూతురు చెప్తే తండ్రి వింటాడు.

గర్భిణుల సంగతి ఆశా కార్యకర్త దగ్గరా, ఊరి నర్సు ఏఎన్ఎం దగ్గరా తేదీలతో సహా ఉంటుంది. మేం కొత్తగా కనుక్కోవాల్సింది లేదు. నెలకోసారి వెళ్లి మా పుస్తకంలోకి ఎక్కించుకుంటాం.

అసలు ప్రమాదం ఏ లిస్టులోనూ లేనివాళ్లకి. మా వైపు ఊరు దాటితే అన్నీ చేపల చెరువులు, రొయ్యల చెరువులే. గట్టు మీద చిన్న షెడ్డు వేసుకుని కాపలా ఉండేవాళ్లలో సగం మంది వేరే జిల్లాలవాళ్లు, ఒరిస్సా వాళ్లు, బెంగాల్ వాళ్లు. వాళ్ల రేషన్ కార్డు ఇక్కడ ఉండదు, ఓటు ఉండదు. మైకు అంతదూరం వినపడదు, వినపడినా తెలుగు రాదు. కాలవ గట్ల మీద గుడిసెలు వేసుకుని పీతలు, చేపలు పట్టుకునే యానాది కుటుంబాలూ అంతే. పని దొరికిన చోటికి మారిపోతుంటారు. మిచాంగ్ తుపాను అప్పుడు, అంటే 2023 డిసెంబరులో, ఊరంతా తుపాను షెల్టరుకి చేరిపోయిందని చేతులు దులుపుకుని కూర్చున్నాం. రాత్రి ఎనిమిదింటికి ఒక చెరువు యజమాని ఫోన్ చేసి "మావాళ్లు నలుగురు గట్టు మీదే ఉన్నారమ్మా" అన్నాడు. ఆయన బందరులో ఉన్నాడు. అప్పటికి తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేసింది కాబట్టి సరిపోయింది. ఆ నలుగురూ ఆ పగలంతా రేకుల షెడ్డులో మంచం కింద దూరి ఉన్నారట. అప్పటినుంచి నోటుబుక్కు వెనక పేజీలు చెరువులకే. ఏ చెరువు, ఎంతమంది, ఏ భాష, యజమాని నంబరు, మేస్త్రి నంబరు.

పుస్తకం ఏడాదికి రెండుసార్లు తిరగరాస్తాం. ఏప్రిల్ చివర్లో ఒకసారి, దసరాకి ముందు ఒకసారి. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా వచ్చేది ఆ రెండు కాలాల్లోనే. 1990లో మే నెలలో వచ్చింది, 2010లో లైలా మే నెలలోనే వచ్చింది. హుద్‌హుద్, తిత్లీ, మొంథా అక్టోబరువి. ఫోన్లో ఎక్కించుకోవచ్చు కదా అంటారు కుర్రాళ్లు. ఎక్కించుకోండి. కానీ రెండోరోజుకి ఛార్జింగ్ ఉండదు. పుస్తకం ప్లాస్టిక్ కవరులో ఉంటే చాలు.

రంగు, నంబరు, దిక్కు

టీవీలో "తుపాను దూసుకొస్తోంది" అని ఎర్రక్షరాలు వేయగానే పరుగులు పెట్టకండి, అలాగని నిర్లక్ష్యమూ వద్దు. వాతావరణ శాఖ చెప్పే పద్ధతి ఒకటుంది. అల్పపీడనం బలపడితే వాయుగుండం, ఆ తర్వాత తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే దాన్ని తుపాను అంటారు, అప్పుడే పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. తీరం దాటడానికి 72 గంటల ముందు మొదటి సూచన వస్తుంది. 48 గంటల ముందు పసుపు రంగు అలర్టు, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక, 12 గంటల ముందు ఎరుపు.

మేం దీన్ని మా పనికి తగ్గట్టు మార్చుకున్నాం. అల్పపీడనం అనగానే నోటుబుక్కు బయటికి తీస్తాం. 72 గంటల మాట రాగానే వేటకి వెళ్లిన బోట్ల లెక్క. ఏ బోటు ఎప్పుడు వెళ్లింది, ఎంతమంది ఉన్నారు, ఫోన్ కలిసిందా? పసుపు రాగానే గర్భిణులు, డయాలసిస్ వాళ్లు, మంచం పట్టినవాళ్లు ఆసుపత్రికో బంధువుల ఇళ్లకో బయల్దేరాలి. ఎదురుమొండి లాంటి దీవి ఊళ్లయితే ఇంకా ముందే, ఎందుకంటే గాలి లేస్తే రేవు ఆగిపోతుంది. నారింజ రాగానే గట్ల మీదివాళ్లు, తాటాకు ఇళ్లవాళ్లు. ఎరుపు వచ్చేసరికి మా పని అయిపోయి ఉండాలి. ఎరుపు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఇక ఓడరేవు నంబర్లు. "మచిలీపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అంటే మా చిన్నప్పటినుంచీ వింటున్న మాటే కానీ అర్థం నాకు ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది. ఒకటి, రెండు అంటే ఎక్కడో దూరంగా సముద్రంలో ఉంది. మూడు, నాలుగు అంటే రేవుకే దాని ప్రభావం తగలొచ్చు. ఐదు నుంచి ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది అంటే పెను ప్రమాదం. ఎనిమిదికి, తొమ్మిదికి తేడా తీవ్రతలో లేదు. తుపాను రేవుకి ఏ పక్కనుంచి దాటుతుందన్నదాంట్లో ఉంది. పదంటే నెత్తి మీదుగానే. పదకొండంటే కబుర్లు చేరవేసే దారే తెగిపోయిందని.

అన్నిటికంటే ముఖ్యం దిక్కు. ఇది మాత్రం నిదానంగా చదవండి. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురుదిక్కులో తిరుగుతుంది. మన తీరంలో తుపాను దాటే చోటికి ఉత్తరాన, ఈశాన్యాన ఉన్న ఊళ్లలో గాలి సముద్రం మీదనుంచి నేల మీదకి వీస్తుంది, నీళ్లని తోసుకొస్తుంది. దక్షిణాన ఉన్నవాళ్లకి నేల మీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977లో తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన ముంచింది మా దివిని. "మనకి దూరంగా దాటుతుందంట" అని ఊపిరి పీల్చుకునే ముందు ఎటు దూరమో అడగండి. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది, అంటే మాకు ఉత్తరాన. అందుకే మాకు గాలీ వానా బాధ పెట్టాయి కానీ సముద్రం మీద పడుతుందన్న భయం తక్కువ. అదే బాపట్ల దగ్గర దాటిన మిచాంగ్ అప్పుడు కరకట్ట వైపు చూస్తూ కూర్చున్నాం. దీనికి అమావాస్య, పౌర్ణమి కూడా కలిపి చూసుకోవాలి. పోటు మీద ఉప్పెన వస్తే లెక్క మారిపోతుంది. ఆ విషయం ఏ యాప్ కంటే ముందు మా ఊరి వేటగాళ్లు చెప్పేస్తారు.

సంచి

దీని గురించి తక్కువే రాస్తాను, అందరూ రాసేదే కాబట్టి. మనిషికో టార్చి, విజిల్, మందమైన చేతి తొడుగులు, మడమ మూసే బూట్లు. హవాయి చెప్పులతో రానివ్వం. జట్టుకి రెండు మోకులు, రెండు గొడ్డళ్లు, ఒక గడ్డపార, చెట్లు కోసే మిషన్ ఒకటి, గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబులు నాలుగు, చేతి మైకు ఒకటి, బరకాలు దొరికినన్ని. చెట్లు కోసే మిషన్ నేర్చుకున్న ఇద్దరు తప్ప మిగతావాళ్లు ముట్టుకోకూడదు.

నా వాటా కుట్టుపని. నారింజ రంగు గుడ్డతో చేతుల్లేని జాకెట్లు కుట్టి, వీపు మీదా ఛాతీ మీదా సైకిళ్లకి అంటించే రేడియం పట్టీలు వేశాను. టార్చి వెలుగు పడితే చీకట్లో మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది. కాగితాల సంచులు ఫ్లెక్సీలతో కుట్టాను. ఎన్నికలు అయిపోయాక ఊరినిండా అవే కదా. నీళ్లు దిగవు, ఊరికే దొరుకుతాయి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా అందులో పెట్టి నోరు మడిచి కట్టేస్తే చాలు. ఇంటికొకటి ఇచ్చాం. మా పక్కింటి సంచి మీద ఒక నాయకుడి సగం మీసం, ఒక చెవి ఉంటాయి.

శిక్షణ విషయానికొస్తే, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల ఆపద మిత్ర పథకం ఉంది. పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. దేశం మొత్తం మీద 350 జిల్లాల్లో లక్షమందిని తయారుచేయాలని పెట్టుకున్నారు. 18 నుంచి 40 ఏళ్ల లోపువాళ్లనే తీసుకున్నారు, నేనేమో 46లో ఉన్నాను. అందుకే మా ఊరినుంచి ఇద్దరు కుర్రాళ్లని పంపాం. వాళ్లు తిరిగొచ్చి మాకు నేర్పారు. నీళ్లలో పడినవాడి దగ్గరికి దూకడం ఆఖరి పని అని వాళ్లు చెప్పేదాకా మాకు తెలియదు. ముందు కర్ర చాపాలి. అందకపోతే తాడుకి ఖాళీ క్యాను కట్టి విసరాలి. మునిగినవాణ్ణి బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయకూడదు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఇచ్చి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ముప్ఫై నొక్కులకి రెండు ఊపిర్లు. చూసి నేర్చుకోవాల్సిన పని ఇది, చదివితే రాదు.

గడప దగ్గర ఏం మాట్లాడాలి

ఇదే అసలు పని. ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. "ఖాళీ చేయండి" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. ఆ మాట పోలీసులది. ఇల్లు ఖాళీ చేయమంటే ఎవరికైనా మొండితనం వస్తుంది. నేను లోపలికెళ్లి కూర్చుని "పిన్నీ, ఈ రాత్రి బడి దగ్గర పడుకుందాం, నేనూ మా అత్తయ్యా వెళ్తున్నాం, నీ చాప కూడా పట్టుకురానా?" అంటాను. చాప చేతికి తీసుకుంటే సగం ఒప్పుకున్నట్టే.

రానన్నవాళ్లకి ఏదో కారణం ఉంటుంది. దాన్ని వెతకాలి, వాదించకూడదు. ఎక్కువసార్లు కారణం బర్రె. "గొడ్డుని వదిలి ఎక్కడికొస్తా?" అంటారు. అది నిజమైన బాధే. వాళ్ల ఇంట్లో నెల గడిచేది ఆ పాల మీదే. అందుకే షెల్టరు పక్కన ఎత్తైన చోటు చూసి గొడ్లకి జాగా ముందే పెట్టుకున్నాం. అదీ కుదరకపోతే పలుపులు విప్పేయమంటాం. కట్టేసిన గొడ్డు కట్టుకొయ్య దగ్గరే చచ్చిపోతుంది. విప్పిన గొడ్డు ఈదుకుంటూ ఎత్తుకి చేరుతుంది. మా అత్తయ్య ఈ మాట చెప్తే ఊళ్లో ఎవరూ ఎదురుచెప్పరు.

రెండో కారణం దొంగల భయం. దీనికి మేం చేసిందేమిటంటే, వీధికి ఒకరిని అందరూ తెలిసినవాళ్లని ఆఖరున కదిలేలా పెట్టాం. తాళాలు వాళ్ల కళ్లముందే వేయిస్తారు. మూడోది ఎవరూ పైకి చెప్పనిది. షెల్టరులో మరుగుదొడ్డి. వయసొచ్చిన ఆడపిల్లని తీసుకుని నలుగురు మగాళ్ల మధ్య రాత్రంతా ఎలా ఉంటారు? ఒక తల్లి నాకు చెవిలో చెప్పింది, "ఆ దొడ్డికి గొళ్లెం లేదు వదినా, అందుకే రాను." ఆ మర్నాడే పది రూపాయల గొళ్లెం వేయించాం. ఆడవాళ్లకి ఒక గది విడిగా, అందులో ప్యాడ్ల పెట్టె, తలుపు దగ్గర మా జట్టులో ఒకావిడ. గొళ్లెం వేశాక ఆ వీధినుంచి ఐదు కుటుంబాలు అదనంగా వచ్చాయి.

తాగి పడుకున్న మగాళ్ల సంగతి వేరు. వాళ్లతో మాటలు అనవసరం. నలుగురు కుర్రాళ్లు మంచంతో సహా ఎత్తుకొస్తారు. పొద్దున లేచాక తిట్టుకుంటారు, పర్లేదు.

అన్నీ పగటిపూటే జరగాలి. దీపాలు పెట్టే వేళకి ఆఖరి ట్రాక్టరు షెల్టరుకి చేరాలని మా నియమం. ఒక్కో ఇంటివాళ్లు చేరగానే పుస్తకంలో ఆ పేజీ చివర మడత పెడతాం. మడత పడని పేజీలు ఎన్నో చూస్తే ఇంకా ఎన్ని గడపలు ఎక్కాలో తెలిసిపోతుంది.

షెల్టరులో

మా పరువు పోయిన సంగతి ముందు చెప్తాను. మొదటి ఏడాది నూట అరవై మందిని వానలో షెల్టరు ముందుకి తెచ్చి నిలబెట్టాం. తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన పెళ్లికి వేరే ఊరు వెళ్లాడు. అప్పటికే ముసలివాళ్లు వణుకుతున్నారు. చివరికి గడ్డపారతో పగలగొట్టాం. ఆ పెద్దమనిషి తర్వాత మా మీదే కోప్పడ్డాడు. ఇప్పుడు తాళంచెవులు మూడు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి కిరాణా కొట్టులో, ఒకటి నా కుట్టుమిషను సొరుగులో.

కరెంటు పోకముందే ట్యాంకు, డ్రమ్ములు నింపేయాలి, ఎందుకంటే మోటారు ఆగితే దొడ్లకి నీళ్లుండవు. తాగే నీళ్లు విడిగా. మొదటి పూటకి పులిహోర చేసిపెట్టుకుంటాం. చింతపండు పడింది కాబట్టి పాడవదు, కంచాలు లేకపోయినా చేత్తో తినొచ్చు. పెరుగన్నం వద్దు. పసిపిల్లల పాలపొడి, ముసలివాళ్ల బీపీ, షుగరు బిళ్లలు వాళ్లవాళ్ల పేర్లు రాసి ఒక డబ్బాలో. ఇన్సులిన్ సీసాలు ఐసు పెట్టెలో పెట్టేవాళ్లం, ఐసు కరిగాక ఏం చేస్తారు? ఇప్పుడు కవర్లో చుట్టి, కొత్త మట్టికుండలో ఇసుక పోసి తడిపి, ఆ మధ్యలో ఒక గిన్నెలో పెడుతున్నాం.

కిటికీల పక్కన పిల్లల్ని పడుకోబెట్టకండి.

గాలి లేచాక

ఇక్కడ మా నియమం ఒక్కటే. కొబ్బరి మట్టలు విరిగి ఎగరడం మొదలైతే జట్టు కూడా లోపలే. ఎవరు ఫోన్ చేసినా, ఎవరు ఏడ్చినా. ఇది రాయడం తేలిక, పాటించడం కష్టం. ఒక ఏడాది మావాడొకడు దూడ అరుస్తోందని బయటికి పరిగెత్తాడు. ఎగిరొచ్చిన రేకు పిక్కని కోసేసింది. పదకొండు కుట్లు పడ్డాయి. వాణ్ణి మోసుకురావడానికి ఇంకో ముగ్గురు ఆ గాలిలోకి వెళ్లాల్సొచ్చింది. దూడ బతికే ఉంది, అది వేరే సంగతి. గాలిలో మనిషిని చంపేది గాలి కాదు, రేకు.

నడినెత్తిన దాటే తుపానులో ఇంకో మోసం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా దాటినప్పుడు మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. పొద్దున్నించీ పెళపెళలాడిన గాలి ఉన్నట్టుండి ఆగింది. వీధుల్లోకి జనం వచ్చేశారట, సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకుంటూ. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి ఎదురుదిక్కునుంచి మళ్లీ విరుచుకుపడింది. మొదటి గాలికి వదులైన చెట్లు, హోర్డింగులు రెండో గాలికి కూలతాయి. అందుకే ఒక్కసారిగా గాలి ఆగితే తలుపు దగ్గర మనిషిని పెట్టి ఎవరినీ వెళ్లనివ్వకండి. అధికారులనుంచి కబురు వచ్చాకే బయటికి.

నంబర్లు గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టండి. అన్నిటికీ 112. రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూము 1070, జిల్లాది 1077. అంబులెన్సుకి 108, అగ్నిమాపక వాళ్లకి 101, కరెంటుకి 1912. ఫోన్ చేసినప్పుడు "మా ఊరు మునిగింది" అంటే వాళ్లకి ఏమీ అర్థం కాదు. ఎంతమంది, ఎక్కడ, ఏ ఇంటి దగ్గర, నీళ్లు ఎంత లోతు, ఎవరికైనా దెబ్బలున్నాయా, ఏ దారి తెరిచి ఉంది. ఈ ఆరూ ముందు కాగితం మీద రాసుకుని అప్పుడు చేయండి. లైను ఎప్పుడు తెగుతుందో చెప్పలేం.

తెల్లారాక

మొదట తీగలు. కింద పడ్డ తీగలో కరెంటు లేదని ఎవరు చెప్పినా నమ్మకండి, లైన్‌మన్ వచ్చి సబ్‌స్టేషన్‌తో మాట్లాడి చెప్పేదాకా. ఎవరింట్లోనో జనరేటరు వేస్తే ఆ కరెంటు వెనక్కి తీగల్లోకి వచ్చిన సందర్భాలున్నాయి. జనరేటరు ఇంటి లోపల పెట్టకూడదు. ఆ పొగలోని విషవాయువు వాసన కూడా తెలియకుండా చంపుతుంది.

తర్వాత చెట్లు. వంగి ఆగిపోయిన కొమ్మ విల్లులా బిగిసి ఉంటుంది. తప్పు పక్క కోస్తే ఎగిరొచ్చి ముఖం మీద కొడుతుంది. మేం దారి తెరవడం మట్టుకే చేస్తాం. ఇంటి మీద పడ్డ చెట్టు జోలికి పోము, అది అగ్నిమాపక వాళ్లకీ, విపత్తు దళాలకీ వదిలేస్తాం. మోకాలి పైన పారే నీళ్లలో నడవం. కర్రతో ముందు నేల తడుముకుంటూ వెళ్తాం, మూత ఊడిన మురుగుగుంటలు కనపడవు కాబట్టి.

పాములు. నీళ్లు లేచినప్పుడు వాటికీ ఎత్తు కావాలి. గడ్డివాము, అటక, బూటు, అన్నీ దులిపి చూడండి. కాటు పడితే కోయొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు, పసరు పోయొద్దు. కాలికి కర్ర కట్టి కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి. మందు అక్కడే ఉంది.

నీళ్లు మరిగించి తాగాలి. మునిగిన బావికి క్లోరినేషను ఏఎన్ఎం చూసుకుంటుంది, ఆవిణ్ణి తీసుకెళ్లి ఏ బావులు మునిగాయో చూపించడం మన పని.

నవంబరులో చేతికొచ్చే వరి పంట పడిపోతే రైతు ముందు చేసే పని నీళ్లు బయటికి తోడటం. దానికి ముందు ఒక్క నిమిషం ఆగి ఫోటోలు తీయమనండి. పొలం గట్టు, పక్క చేను కనపడేలా, తేదీ పడేలా. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరు ఉందో లేదో చూసుకోమనండి. నష్టం రాసేవాళ్లు వచ్చేసరికి నీళ్లు తీసేసి ఉంటే "ఏమీ పోలేదే" అంటారు. వెన్ను మీద మొలక రాకుండా లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు మా వైపు. కౌలురైతుల పేర్లు మాత్రం మేం విడిగా రాసుకుంటాం, ఎందుకంటే పాసుపుస్తకం వాళ్ల చేతిలో ఉండదు.

రెండు రోజులాగి, నిద్ర తీరాక, జట్టు అంతా నా మిషను దగ్గర కూర్చుంటాం. ఎవరు బాగా చేశారన్నది ఎవరూ అనరు. ఏం తప్పిపోయిందో రాస్తాం. మొంథా తర్వాతి పేజీలో ఉన్నవి ఇవి: పిల్లలకి దుప్పట్లు చాలలేదు. బెంగాలీ మాట్లాడేవాళ్లు ఒక్కరైనా కావాలి. చేతి మైకు తడిసిపోయింది, దానికి తొడుగు కుట్టాలి, అది నా పని. మూడు టార్చిలు వెలగలేదు. విప్పి చూస్తే సెల్లులు లోపలే కారిపోయి స్ప్రింగులు పచ్చబడి ఉన్నాయి. ఇప్పుడు సెల్లులు తీసేసి, ఒక్కో టార్చికీ జత సెల్లుల్ని పాలిథిన్ కవర్లో కట్టి దాని మెడకే వేలాడదీశాం.